అంబాసిడర్ ఫ్యాన్ బెల్టు: బిగించే తీరు, బిగువు లెక్క

పాత అంబాసిడర్ కారులో ఫ్యాన్ బెల్టు మూడు పుల్లీలను చుట్టి తిరుగుతుంది. కింద క్రాంక్ పుల్లీ, పైన ఫ్యాన్ పుల్లీ, పక్కన డైనమో పుల్లీ. ఫ్యాన్ వెనకే వాటర్ పంపు ఉంటుంది కాబట్టి ఇంజిన్ చల్లబడాలన్నా, బ్యాటరీ చార్జి కావాలన్నా ఈ ఒక్క బెల్టే దిక్కు. అది తెగితే ముందు చార్జింగ్ ఎర్ర లైటు వెలుగుతుంది, ఆ తర్వాత టెంపరేచర్ పెరుగుతుంది. లైటు వెలగగానే బండి ఆపితే పోయేది ఒక్క బెల్టే. ఊరు దగ్గరే కదా అని నడిపితే హెడ్ గ్యాస్కెట్ కూడా పోతుంది. సూర్యాపేట, కోదాడ మీదుగా సాగే హైదరాబాద్-విజయవాడ రహదారి మీద మే నెల ఎండలో ఇంజిన్‌కు అసలే ఊపిరాడదు. బెల్టు కొంచెం జారినా రేడియేటర్ మరిగిపోతుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును 1957 నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేసింది. చాలా ఏళ్లపాటు ఇందులో వాడిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, 1955లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఒకే వంశానివి. ఎంజీఏలో రెండు కార్బ్యురేటర్లు పెట్టి వేగం పెంచారు గానీ బెల్టు, డైనమో అమరిక మాత్రం ఇదే పద్ధతి. అందుకే తుంగతుర్తి వైపు పల్లెలకు పెళ్లి బృందాలను మోసిన అంబాసిడర్లను బాగుచేసిన చేతికి ఆ స్పోర్ట్స్ కారు బెల్టు వేయడం కూడా తెలిసినట్టే.

ఈ బెల్టు అడ్డకోత వి ఆకారంలో ఉంటుంది. అమెరికాలో జాన్ గేట్స్ 1917లో ఈ రకాన్ని రూపొందించాడు. పాత చదును బెల్టు పుల్లీని పైనుంచి అదిమి పట్టుకుంటే, వి బెల్టు పక్క గోడలకు ఇరుక్కుని పట్టుకుంటుంది. లాగుడు పెరిగేకొద్దీ ఇంకా లోతుగా ఇరుక్కుంటుంది. కాబట్టి బెల్టు అడుగు భాగం పుల్లీ గాడి అడుగును తాకకూడదు. తాకిందంటే పక్కలు అరిగిపోయాయన్నమాట. అప్పుడు ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది. గాడి అడుగు అద్దంలా నిగనిగలాడుతుంటే కొత్త బెల్టు తెప్పించుకోవాల్సిందే. బెల్టును వెనక్కి మడిచి చూస్తే పగుళ్లు, విడిపోతున్న దారాలు కనిపిస్తాయి. ఇంజిన్ ఆయిల్ పీల్చి ఉబ్బిన బెల్టును తుడిచి వాడటం వృథా. ముందు ఆయిల్ ఎక్కడ కారుతోందో చూసి, ఆ తర్వాతే కొత్తది వేయాలి.

మార్చేటప్పుడు ఇంజిన్ ఆగి, చల్లబడి ఉండాలి. డైనమోను పట్టి ఉంచే రెండు బోల్టులను, గాడి ఉన్న అడ్జస్టింగ్ పట్టీ బోల్టును అర అంగుళం పానాతో వదులు చేయాలి. పూర్తిగా విప్పక్కర్లేదు. డైనమోను ఇంజిన్ వైపు నెడితే బెల్టు వదులవుతుంది. పాతదాన్ని పుల్లీల మీద నుంచి తప్పించి, ఫ్యాన్ రెక్కలను చేత్తో తిప్పుతూ ఒక్కో రెక్క మీదుగా బయటికి తీయాలి. కొత్తది ఎక్కించడానికి ఇదే దారి: రెక్కల మీదుగా లోపలికి తెచ్చి, క్రాంక్ పుల్లీకి, ఫ్యాన్ పుల్లీకి వేసి, చివరగా డైనమో పుల్లీ మీదికి తేవాలి. ఎక్కకపోతే చాలామంది స్క్రూడ్రైవర్ దూర్చి బలవంతంగా దాటిస్తారు. అది తప్పు. లోపలి దారాలు తెగినా పైకి కనిపించవు. పుల్లీ అంచు వంగితే అది కొత్త బెల్టును కోసుకుంటూ పోతుంది. డైనమోను చివరిదాకా లోపలికి నెట్టినా ఎక్కడం లేదంటే బెల్టు సైజే తేడా.

అసలు పనితనం తెలిసేది బిగువు దగ్గరే. డైనమోను బయటికి లాగిపట్టి, ముందుగా అడ్జస్టింగ్ బోల్టు బిగించి, తర్వాత మిగతా రెండూ బిగించాలి. చేతి బలం చాలకపోతే కర్ర సాయం తీసుకోవచ్చు గానీ, దాన్ని పుల్లీ వైపున్న బ్రాకెట్‌కే ఆనించాలి. మధ్యలో డబ్బా మీద ఆనిస్తే డైనమో దెబ్బతింటుంది. తర్వాత రెండు పుల్లీల మధ్య పొడవైన భాగం నడుమ బొటనవేలితో అదమాలి. సుమారు అర అంగుళం, అంటే 12, 13 మిల్లీమీటర్లు లోపలికి పోతే బిగువు సరిపోయినట్టే.

వదులు బెల్టు కీచుమని అరిచి తన సంగతి చెబుతుంది. అతిగా బిగించిన బెల్టు నోరెత్తదు, అందుకే దానితో నష్టం ఎక్కువ. వాటర్ పంపు బేరింగు అరిగి, సీలు చెడి, పంపు కింది రంధ్రం నుంచి నీళ్లు కారతాయి. డైనమోలో ముందు బేరింగు, వెనక బుష్ అరిగితే ఆర్మేచర్ చుట్టూ ఉన్న ఇనుమును రాసుకుంటుంది. బండి బాగా నడుస్తుండగానే ఇదంతా జరుగుతుంది. బాగా బిగించాడని మెచ్చుకునే అలవాటు వల్ల పాడైన పంపులు తక్కువేమీ కాదు. అర అంగుళం ఆట వదిలే మెకానిక్కే నిజంగా పని తెలిసినవాడు. బెల్టు వేసేటప్పుడే డైనమో వెనక చివర ఉన్న చిన్న రంధ్రంలో రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేస్తే ఆ బుష్ ఎక్కువ కాలం మన్నుతుంది. చుక్కలు ఎక్కువైతే ఆయిల్ కమ్యుటేటర్ దాకా పోయి చార్జింగ్ చెడుతుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఇదే సూత్రం పెద్ద కొలతలో నడుస్తుంది. అక్కడి ఎ రకం బెల్టు పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, బి రకానిది 17. ఒకే పుల్లీ మీద నాలుగైదు బెల్టులు పక్కపక్కన తిరుగుతుంటాయి. ఒకటి తెగితే ఆ ఒక్కటే మార్చడం పొదుపనిపిస్తుంది. కానీ సాగిన పాతవి వదులుగా ఉండి, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. అందుకని సెట్టు మొత్తం ఒకేసారి మార్చాలి. మిల్లు బెల్టులో ముక్క తెచ్చి కారుకు వేయాలనుకోవడం మాత్రం కుదరదు. వెడల్పు గాడికి సరిపోక పైనే నిలుస్తుంది, చిన్న డైనమో పుల్లీ చుట్టూ సరిగా వంగదు.

కొత్త బెల్టు మొదట్లో కొంత సాగుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బొటనవేలితో చూసి, వదులైతే అడ్జస్టింగ్ బోల్టు దగ్గర సవరించాలి. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా చూసుకుంటే చాలు.