పాట కింద నడిచే పాట

పాట విని కార్డ్స్ పట్టాలనుకునేవాళ్ళు ముందుగా గాయకుడి గొంతు వెంట పడతారు. గొంతు పలికే ఒక్క స్వరం మాత్రం మూడు కార్డుల్లో ఇమిడిపోగలదు. శంకరాభరణంలో షడ్జాన్నే తీసుకోండి. స-గ-ప లో ఉంది, మ-ద-స లో ఉంది, ద-స-గ లోనూ ఉంది. పైన స్వరం అదే అయినా ఈ మూడింటిలో ఏదో తేల్చడానికి బాస్‌ని మించిన ఆధారం లేదు. అందుకే అనుభవమున్న బాసిస్టు పాటని కింది నుంచి వింటాడు.

మన చెవికి ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. తంబురా దగ్గర పెరిగిన సంగీతం మనది. షడ్జం కదలకుండా కూర్చుంటే రాగమంతా దాని మీద తిరుగుతుంది. కార్డ్స్ ఉన్న పాటలో కింది స్వరమే కదులుతుంది. శృతి సి లోనే ఉంటుంది, బాస్ మాత్రం ఎఫ్‌కీ జి కీ వెళ్ళి వస్తుంది. అయినా తంబురాతో నేర్చినవాళ్ళకి ఒక లాభముంది: పాట ఏ శృతిలో ఉందో క్షణంలో పట్టేస్తారు. ఇక సగం పని అయిపోయినట్టే.

మొదటి సాధనకి దీక్షితుల నోటు స్వరాల్లోని ‘శ్యామలే మీనాక్షి’ని మించినది నాకు తోచదు. ఐరోపా బాణీ అది, పిల్లలు ‘ట్వింకిల్ ట్వింకిల్’ అని పాడేదీ అదే. ఎలాగూ నోటికి వచ్చినదే కాబట్టి చెవి మొత్తం కింద పెట్టొచ్చు. షడ్జం పట్టి మొదలుపెట్టండి. షడ్జ పంచమాలు పలికినంతసేపూ ఇబ్బంది లేదు. ధైవతం రాగానే కింది షడ్జం మీద అది నిలకడగా ఉండదు, ఎటో వెళ్ళమంటుంది. బాస్‌ని మధ్యమానికి మార్చండి, కుదురుకుంటుంది. మధ్యమం బదులు ధైవతమే పట్టి చూడండి. అదీ కుదురుతుంది కానీ అంతవరకూ ఆడుకుంటున్న పాట మీదికి ఉన్నట్టుండి దిగులు కమ్ముతుంది. రెండూ తప్పు కావు. పాటకి ఏ ముఖం కావాలో అక్కడ నిర్ణయించేది బాసిస్టే. చివరి రిషభం దగ్గర పంచమం పట్టండి. పైనున్న గొంతుతో పాటు బాస్ కూడా షడ్జం కోసం తహతహలాడుతుంది.

రికార్డు నుంచి పట్టేటప్పుడు ఈ స్వేచ్ఛ ఉండదు, అక్కడ వాయించినదే కావాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. బాస్ గిటార్‌లో వట్టి ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్, దాని కిందిది సుమారు 41. ఫోన్ స్పీకర్ అంత లోతుకి దిగలేదు. పై అనుస్వరాలని బట్టి చెవి ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది, అందుకే ఫోన్‌లోనూ బాస్ వినిపించినట్టే ఉంటుంది. ఆ ఊహని నమ్ముకుంటే స్థాయి పొరబడతాం. స్వరం దొరికాక దాన్నే షడ్జం అనుకుని గాంధారం వెతకండి. అంతరమైతే మేజర్, సాధారణమైతే మైనర్.

కార్డుల మూల స్వరాలు వరసగా మోగిస్తే లెక్క సరిపోతుంది కానీ అది బాస్ లైన్ కాదు. ఇందాకటి పాటలో రెండో పాదం మధ్యమం నుంచి షడ్జానికి మెట్టుమెట్టుగా దిగుతుంది. బాస్ కూడా వెంటే దిగితే చప్పగా ఉంటుంది. మంద్ర ధైవతంలో మొదలుపెట్టి షడ్జానికి ఎక్కించండి, నిషాదం తాకించి మళ్ళీ షడ్జంలో నిలపండి. సి శృతిలో అయితే వట్టి ‘ఏ’ తీగ, దాని మీదే మూడో ఫ్రెట్, రెండో ఫ్రెట్, తిరిగి మూడో ఫ్రెట్. వేళ్ళకి పనే లేదు. కార్డ్స్ ఏవీ మారలేదు, కింద మాత్రం రెండో పాట పుట్టింది.

సినిమా పాటలో ఈ రెండో పాటకి ఇళయరాజా ఇచ్చినంత చోటు ఇచ్చినవాళ్ళు తక్కువ. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చిన ఆయన బాస్‌ని తాళానికి తోడుగా వదిలేయలేదు, గొంతుకి జవాబు చెప్పించారు. ‘గీతాంజలి’ (1989) పాటలు వినేటప్పుడు పల్లవిని పక్కన పెట్టి బాస్ ఒక్కదాన్నే నోటితో పాడి చూడండి. గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, అక్కడ బాస్ ఏం చేస్తుందో ముందు నోటికి రానివ్వండి. గిటార్ ఆ తర్వాతే తీయండి.