పట్టీ వెనక పనితనం

వెల్‌క్రో ఊడిపోయింది అంటాం గానీ, చాలాసార్లు ఊడేది వెల్‌క్రో కాదు. గరుకు పట్టీ, మెత్త పట్టీ ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉంటాయి. రెంటిలో ఒకటి తన చోటు వదిలేసి రెండోదానితో పాటు వచ్చేస్తుంది. చెప్పు మీద కుట్టు తెగుతుంది, కిటికీ చట్రం మీద జిగురు వదులుతుంది, సంచీ మీద గుడ్డే చిరుగుతుంది. కొక్కేల పని ఫ్యాక్టరీలో మిషన్ ఎప్పుడో పూర్తి చేసింది. పట్టీని దాని చోట నిలబెట్టే పని మాత్రం ఇప్పటికీ మనిషి చేతిదే. ఆ చేతిపని ఎంత గొప్పగా ఉంటుందో తెలియాలంటే మన ఊళ్లలో కిటికీలకు దోమతెరలు బిగించేవాళ్లని దగ్గరుండి చూడాలి.

స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు చిక్కుకున్న కాయల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వాటి ముళ్ల కొనలు కొక్కేల్లా వంగి ఉండడం గమనించాడు. మన పొలం గట్ల మీది మరులమాతంగి కాయలు పంచెకు పట్టుకునేదీ ఇలాగే. నైలాన్ దారాన్ని ఉచ్చులుగా నేసి, వేడితో బిరుసెక్కించి, ఒక్కో ఉచ్చునూ ఒక పక్కన కత్తిరిస్తే అది కొక్కెం అవుతుందని కనిపెట్టడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. పేటెంటు 1950ల్లో వచ్చింది.

ఈ పట్టీకి ఒక గుణం ఉంది. అది తెలిస్తేనే మిగతా పనంతా అర్థమవుతుంది. పక్కకి లాగితే వేలాది కొక్కేలు ఒకేసారి బరువు మోస్తాయి, అందుకే కదలదు. అంచు పట్టి పైకి లేపితే ఒక వరసలో ఉన్న కొద్ది కొక్కేలే ఎదిరిస్తాయి, అందుకే చెర్రుమని వచ్చేస్తుంది. డాక్టరు దగ్గర బీపీ చూసే పట్టీని గమనించండి. గాలి నిండేకొద్దీ అది పక్కకే లాగుతుంది, చెక్కుచెదరదు. పని అయ్యాక నర్సు అంచు పట్టి లేపితే క్షణంలో విడిపోతుంది. వెనకున్న జిగురుకూ ఇదే బలం, ఇదే బలహీనత. పట్టీ తీసినప్పుడల్లా జిగురు అంచు మీదా అదే లాగుడు పడుతుంది. అందుకే పనివాడి శ్రద్ధంతా అంచుల మీద, మూలల మీద ఉంటుంది.

మంచి పనివాడు గరుకు పట్టీని చట్రానికి, మెత్త పట్టీని తెరకు పెడతాడు. తెరను ఉతకాలి కదా. కొక్కేలు తెర మీదే ఉంటే ఉతుకులో ఆ తెరనే పట్టి పోగులు లాగేస్తాయి. చట్రం మీద పట్టీని నాలుగు ముక్కలుగా అంటిస్తాడు. ప్రతి ముక్క మూలనూ కత్తెరతో గుండ్రంగా తీస్తాడు. పదునైన మూల ముందుగా లేస్తుంది, గుండ్రని మూల లాగుడును అంచు పొడుగునా పంచుతుంది. వెనక కాగితాన్ని ఒక్కసారిగా ఊడబెరకడు. జానెడు జానెడుగా తీస్తూ, బొటనవేలితో నొక్కుకుంటూ పోతాడు. పట్టీని సాగదీయడు, ఎందుకంటే సాగదీసి అంటించిన పట్టీ తర్వాత వెనక్కి ముడుచుకుంటూ కొసల్లో లేస్తుంది. ఇంత చిన్న కదలికలో అంత జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

అసలు పరీక్ష అంతకు ముందే, చట్రాన్ని తడిమి చూడడంలో ఉంది. అల్యూమినియం, యూపీవీసీ చట్రాలు సులువు. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిస్తే చాలు. సబ్బునీళ్లతో తుడిస్తే మాత్రం సబ్బు పొర మిగిలి జిగురుకు అడ్డం వస్తుంది. ఎనామిల్ వేసిన టేకు చట్రమైతే రంగు పెచ్చులు లేస్తోందా అని గోటితో గీకి చూడాలి. జిగురు పట్టేది రంగుని, కర్రని కాదు. రంగే వదిలితే ఎంత మంచి జిగురైనా దానితో పాటు రాలుతుంది. అలాంటి చోట ఉప్పుకాగితంతో రుద్ది, పట్టీ అంటించాక అంచుల వెంబడి చిన్న పిన్నులు కొడతారు.

సున్నం, డిస్టెంపర్ గోడలకు జిగురు పనికిరాదు. వేలికి తెల్లగా అంటే గోడ దేన్నీ నిలబెట్టలేదు. అక్కడ సన్నని చెక్కపట్టీని మరలతో బిగించి, దాని మీద వెల్‌క్రో వేస్తారు. ఖర్చు ఎక్కువైనా అదే సరైన పని. పాలిథిన్, పాలీప్రొపిలీన్ లాంటి నున్నటి ప్లాస్టిక్‌లను మామూలు జిగుళ్లు సరిగ్గా పట్టవు. రెక్సిన్‌ది వేరే తంటా. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా పైకి ఊరి జిగురును కరిగిస్తుంది. అందుకే సీటు కవర్లు కుట్టేవాళ్లు జిగురు జోలికి పోకుండా కుట్టేస్తారు.

కుట్టులోనూ ఎంతో నేర్పుంది. పట్టీ రెండంచుల్లో కొక్కేలు లేని సన్నని అల్లిక ఉంటుంది. సూది నడవాల్సిన దారి అదే. పట్టీ నడుమ అడ్డంగా, ఐమూలగా కుడితే ఆ మేరకు కొక్కేలు అణిగిపోయి పట్టు తగ్గుతుంది. జిగురున్న పట్టీని మిషన్ కింద పెడితే సూదికి బంక పట్టి దారం తెగుతుంది, కుట్టడానికి జిగురు లేని రకమే తీసుకోవాలి. వల ఒక్కటే కుట్టును ఓర్చుకోదు, చిల్లుల దగ్గర చీలుతుంది. అందుకని వల అంచును గుడ్డ పట్టీలో మడిచి, దాని మీద మెత్త పట్టీ పరిచి, పాలిస్టర్ దారంతో రెండు వరసలు వేస్తారు. కుట్టు మూలలో మొదలుపెట్టరు. ఎక్కువ లాగుడు పడేది అక్కడే, దారం కొస అక్కడుంటే ముందు విప్పుకునేదీ అక్కడే. చెప్పుల పనివాళ్లు తోలు మీద ముందు సొల్యూషన్ రాసి కాసేపు ఆరనిచ్చి అంటించి, ఆ పైన కుడతారు.

పడమటి కిటికీల సంగతి వేరుగా చూడాలి. వేసవి మధ్యాహ్నం అల్యూమినియం చట్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రబ్బరు రకం జిగురు వెంటనే గట్టిగా పట్టినా, ఆ వేడికి మెత్తబడి జారుతుంది. అక్రిలిక్ రకం నిదానంగా కుదురుకుంటుంది గానీ, ఎండకు తట్టుకుంటుంది. షాపులో రెండు రోల్స్ ఒకేలా కనిపిస్తాయి. అడిగి తీసుకోవాలి.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో మొదటిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ దోమను గదిలోకి రానివ్వకుండా ఆపే పని ఈ వేలెడు వెడల్పు పట్టీ మీదే ఉంది. ఒక్క మూల లేచినా తెర అంతా ఉండి లేనట్టే. కాబట్టి ఆ పనివాడు చట్రం తుడుస్తూ అరగంట తీసుకుంటే తొందరపెట్టకండి. అంటించిన రోజే తెర తగిలించమనీ అడగకండి. అక్రిలిక్ జిగురు కుదురుకోవడానికి కనీసం ఒక రోజు వదలండి. తర్వాత తెర తీసేటప్పుడు వల పట్టి గుంజకుండా, ఒక చేత్తో చట్రం మీది పట్టీని అదిమి పట్టుకుని, రెండో చేత్తో తెర అంచును మెల్లగా లేపండి.