లక్షన్నర దగ్గర వెలిగే లైటు

తెనాలిలో పాత బండి బేరం ఏదైనా ముందు మీటరు చూడటంతోనే మొదలవుతుంది. ఎనభై వేలు దాటిందంటే కొనేవాడు పెదవి విరుస్తాడు. లక్ష దాటిందంటే లేచి నిలబడతాడు. ఇన్నోవా దగ్గర మాత్రం ఆ లెక్క పనిచెయ్యదు. రెండు లక్షలు తిరిగిన బండిని చూపించి "ఇంకా సగం ఆయుష్షు కూడా కాలేదండీ" అంటాడు అమ్మేవాడు. కొనేవాడు కాదనడు. ఈ నమ్మకం టీవీ ప్రకటనలతో వచ్చింది కాదు. బండి కిందికి దూరి, పానాలతో బోల్టులు విప్పి, లోపల ఏముందో కళ్లారా చూసిన మేస్త్రీల దగ్గర పుట్టింది. అక్కడి నుంచి ట్రావెల్స్ డ్రైవర్లకూ, రేపల్లె రొయ్యల రైతులకూ, తిరుమల మొక్కులున్న కుటుంబాలకూ పాకింది. మేస్త్రీలు చూసినదాన్ని మనమూ ఒక్కో భాగంగా చూద్దాం.

ఇన్నోవా చేసే టొయోటా కథ మొదలైంది కారుతో కాదు, మగ్గంతో. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో జి రకం ఆటోమేటిక్ మగ్గాన్ని పూర్తిచేశాడు. పడుగులో ఒక్క పోగు తెగినా ఆ మగ్గం తనంతట తానే ఆగిపోయేది. చీరాల, జాండ్రపేట నేత కుటుంబాలకు దీని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. తెగిన పోగును చూసుకోకుండా నేసుకుంటూ పోతే బట్ట పొడవునా లోపం పడుతుంది. అందుకే ప్రతి మగ్గం దగ్గరా ఒక మనిషి కళ్లు పెట్టుకుని నిలబడాలి. ఆగాల్సిన చోట మగ్గమే ఆగితే ఒక మనిషి చాలా మగ్గాలు చూసుకోగలడు. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఈ మగ్గం హక్కులు లక్ష పౌన్లకు తీసుకుంది. సకిచి కొడుకు కీచిరో మోటార్ల వైపు మళ్లాడు. టొయోటా మోటార్ కంపెనీ 1937లో ఏర్పడింది. మగ్గంలోని సూత్రమే కార్ల ఫ్యాక్టరీలోకీ వచ్చింది. బిగించిన బోల్టు సరిగా కూర్చోలేదని అనుమానం వస్తే అక్కడ పనిచేసే మనిషి తలపైన ఉన్న తాడు లాగుతాడు. దీపం వెలుగుతుంది. లోపం సరిచేసేదాకా అవసరమైతే లైనే ఆగుతుంది. తప్పు పుట్టిన చోటే బయటపడాలి, ముందుకు పోకూడదు అన్నది వాళ్ల పట్టుదల. ఇన్నోవాలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవన్నీ ఈ పట్టుదలకు దగ్గరి చుట్టాలే.

మన దేశానికి టొయోటా మొదట 1980లలో డీసీఎం కంపెనీ పొత్తుతో లారీలు చెయ్యడానికి వచ్చింది. మధ్యరకం లారీని మనం నేటికీ డీసీఎం అనే పిలుస్తున్నాం. ఆ పొత్తు నిలవలేదు. 1997లో కిర్లోస్కర్లతో కలిసి మళ్లీ వచ్చి, బెంగళూరు దగ్గర బిడదిలో కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2000 జనవరిలో క్వాలిస్ విడుదలైంది. అది ఇండొనేసియాలో 1977 నుంచి నడుస్తున్న కిజాంగ్ వంశంలోని బండి. చూపులకు పెట్టెలా ఉండేది. 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్, 75 హార్స్‌పవర్. వెనక కమాన్ కట్టలు. రూపం చూసి పెదవి విరిచినవాళ్లు చాలామందే, కానీ ఎనిమిది మందిని కూర్చోబెట్టి, పైన సామాను కట్టి తిరుపతి వెళ్లి వచ్చిన డ్రైవర్లు రూపం గురించి మాట్లాడలేదు. అమ్మకాలు బాగా ఉన్న రోజుల్లోనే, 2005లో కంపెనీ దాన్ని ఆపేసి ఆ చోట ఇన్నోవాను నిలబెట్టింది. నడుస్తున్న సరుకును తమ చేత్తో తామే ఆపడానికి చాలా ధైర్యం కావాలి. రాబోయే బండి దానికన్నా ఎంత మేలో తెలిసినవాళ్లకే ఆ ధైర్యం వస్తుంది.

ఆ మేలు అడుగు నుంచే మొదలవుతుంది. ఇన్నోవాకు, హైలక్స్ పికప్‌కు, ఫార్చ్యూనర్‌కు పునాది ఒక్కటే. కావోరు హొసొకావా అనే ఇంజినీరు నాయకత్వంలో రూపొందిన ఐఎంవీ పథకం అది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డ దూలాలు. ఇదే ఛాసీ. ఇంజిన్, గేర్‌బాక్సు, చక్రాలు అన్నీ దీనికే బిగుస్తాయి. మనుషులు కూర్చునే బాడీని వేరుగా చేసి, మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టి, ఛాసీ మీద బోల్టులతో కూర్చోబెడతారు.

ఇలా ఎందుకో తెలియాలంటే తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు ఒకసారి వెళ్లాలి. అడుగున నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది. పైన ఎంత బాగా తారు వేసినా రెండేళ్లకు రోడ్డు అలలు తిరుగుతుంది. ఎడమ ముందు చక్రం పల్లంలో ఉండగా ఎడమ వెనక చక్రం మిట్ట మీద ఉంటుంది. బండి అడ్డంగా మెలిపడుతుంది. ఆ మెలికలో ఎక్కువ భాగం ఛాసీయే భరిస్తుంది, రబ్బరు దిమ్మలు మరికొంత మింగుతాయి, బాడీ దాకా వచ్చేది కొంచెమే. అందుకే పదేళ్ల ఇన్నోవాలో కూడా డోర్లు గట్టిగా కొట్టకుండానే పడతాయి. పాత బండి చూడటానికి వెళ్లిన మేస్త్రీ ముందు బానెట్ ఎత్తడు. నాలుగు డోర్లూ ఒకసారి తెరిచి వేస్తాడు.

వెనక యాక్సిల్ దగ్గర పనితనం ఇంకా బాగా కనిపిస్తుంది. క్వాలిస్‌లో కమాన్ కట్ట రెండు పనులు చేసేది. బరువు మోసేది, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేది. రెండు పనులు చేసేది కాబట్టి గట్టిగా ఉండక తప్పదు. గట్టిగా ఉంటే బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది. ఇన్నోవాలో ఆ రెండు పనులనూ విడదీశారు. బరువు మొయ్యడం కాయిల్ స్ప్రింగుల వంతు. యాక్సిల్‌ను ముందు వెనకలకు పట్టి ఉంచడం నాలుగు కడ్డీల వంతు. పక్కలకు జరగకుండా చూడటం అడ్డంగా ఉన్న ఇంకో కడ్డీ వంతు. స్ప్రింగు మీద వేరే బాధ్యత లేదు గనక దాన్ని మెత్తగా చెయ్యగలిగారు. అలసట ముందుగా వచ్చేది కడ్డీల చివర ఉన్న రబ్బరు బుష్‌లకు. అవి అరిగితే టకటక శబ్దం వస్తుంది. బుష్ మారిస్తే శబ్దం పోతుంది. ఖరీదైన భాగం అరగకుండా చవకైన భాగం అరిగేలా ఏర్పాటు చెయ్యడం కన్నా పెద్ద తెలివి యంత్రాల్లో నాకు తెలియదు.

ఇంజిన్ సంగతి చూద్దాం. మేస్త్రీలు 2కేడీ అని పిలిచే 2,494 సీసీ డీజిల్ ఇంజిన్ ఇది. పోత ఇనుప బ్లాకు, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు. మన ఇన్నోవాలో దీని నుంచి తీసుకున్నది 102 హార్స్‌పవర్ మాత్రమే. గొప్ప అంకె కాదు. కానీ ఇదే ఇంజిన్‌కు ఇంటర్‌కూలర్ పెట్టి, టర్బో మార్చి, తర్వాత 2.5 లీటర్ల ఫార్చ్యూనర్‌లో 144 హార్స్‌పవర్ రాబట్టారు. అంటే ఇన్నోవాలో ఉన్న ఇంజిన్ తన శక్తిలో మూడింట రెండు వంతులకు కాస్త పైన మాత్రమే వాడుతోంది. ఏడుగురితో, ఏసీతో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు కూడా దాని చేతిలో కొంత మిగులు ఉంటుంది. ఐదు లక్షల కిలోమీటర్లు బోరింగ్ లేకుండా నడిచిన బండ్లున్నాయని డ్రైవర్లు చెప్పుకుంటారంటే కారణం ఈ మిగులులోనే ఉంది.

ఇక లక్షన్నర దగ్గర వెలిగే లైటు. క్రాంక్ షాఫ్టు తిరిగే లెక్కకు వాల్వులు సరిగ్గా తెరుచుకోవాలి, మూసుకోవాలి. ఆ రెంటినీ కలిపేది టైమింగ్ బెల్టు. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, హెడ్డు పాడవుతుంది. చాలా ఇంజిన్లలో బెల్టు క్రాంక్ షాఫ్టు నుంచి మొదలై పొడవుగా చుట్టి వస్తుంది. 2కేడీలో అలా కాదు. క్రాంక్ దగ్గర ఉక్కు గేర్లున్నాయి. బరువైన డీజిల్ పంపును ఆ గేర్లే తిప్పుతాయి. బెల్టు పంపు దగ్గరి పుల్లీ నుంచి పైన క్యామ్ షాఫ్టు పుల్లీ దాకా మాత్రమే. క్యామ్ షాఫ్టులు రెండున్నా బెల్టు తిప్పేది ఒకదాన్నే, రెండోదాన్ని మొదటిదాని మీది గేరు తిప్పుతుంది. బరువు పనులు ఉక్కుకు ఇచ్చి, బెల్టుకు తేలిక పని మిగిల్చారు. పొట్టి బెల్టు గనక సాగడం తక్కువ, మార్చడం కూడా సులువు. కింది పెద్ద పుల్లీ ఊడదీసే పనే లేదు.

తెనాలి షెడ్డులో ఈ పని చేస్తుంటే దగ్గర నిలబడి చూడాలి. పైకవరు తీశాక మేస్త్రీ పానాతో ఇంజిన్‌ను చేత్తో తిప్పి, పుల్లీ మీద గీతను దాని గుర్తుకు ఎదురుగా తెస్తాడు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌ను ఊడదీస్తాడు. చూడటానికి బొటనవేలంత కడ్డీ, లోపల నూనె, స్ప్రింగు. దాన్ని వైసులో పెట్టి హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పుతాడు. తొందరపడితే లోపలి సీలు పోతుంది. కడ్డీ లోపలికి పోయి, కడ్డీలోని రంధ్రమూ పైగూటిలోని రంధ్రమూ ఎదురెదురుగా వచ్చిన క్షణంలో సన్నటి పిన్ను ఒకటి అందులో గుచ్చుతాడు. ఇక కడ్డీ కదలదు. దాన్ని తిరిగి ఇంజిన్‌కు బిగించి కొత్త బెల్టు ఎక్కిస్తారు. "ఒరే, పిన్ను లాగకు. పళ్లు గాడిలో కూర్చున్నాయో లేదో వేలుపెట్టి చూడు ముందు" అని కుర్రాడిని హెచ్చరిస్తాడు మేస్త్రీ. అన్నీ చూసుకున్నాక పిన్ను లాగితే కడ్డీ తనే ముందుకు వచ్చి బెల్టును కావలసినంత బిగిస్తుంది. ఎంత బిగించాలన్నది మనిషి చేతి అంచనాకు వదిలిపెట్టలేదు. అప్పుడైనా సెల్ఫ్ కొట్టరు. చేత్తో రెండు చుట్లు తిప్పి, గీతలు మళ్లీ కలిశాయో లేదో చూసుకునే కవరు మూస్తారు.

ఈ పని ఎప్పుడు చెయ్యాలో గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా యజమాని మీద వెయ్యలేదు. లక్షన్నర కిలోమీటర్ల దగ్గర డాష్‌బోర్డులో టీ-బెల్ట్ అనే లైటు వెలుగుతుంది. అది బెల్టును పరీక్షించి చెప్పేది కాదు, తిరిగిన దూరం లెక్కపెట్టి చెప్పేది. బెల్టు మార్చాక ఆ లెక్కను మళ్లీ సున్నాకు తేవాలి. డీజిల్ ఫిల్టర్‌కూ ఇలాంటి ఏర్పాటే ఉంది. డీజిల్‌లో కలిసిన నీళ్లు బరువు కాబట్టి ఫిల్టర్ అడుగుకు దిగుతాయి. ఒక మట్టం దాటితే లైటు వెలుగుతుంది. కింద ఉన్న కాక్ తిప్పి నీళ్లు వదిలేస్తే సరి. కామన్ రైల్ ఇంజెక్టర్లలోకి డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వెళుతుంది. అక్కడికి నీటి చుక్క చేరితే ఆ ఖరీదైన భాగాలను తినేస్తుంది. పోగు తెగితే ఆగిన మగ్గం గుర్తొస్తుంది నాకు ఇక్కడ.

లోపాలు లేవని కాదు. తొలినాళ్ల కింది రకాల్లో ఎయిర్‌బ్యాగులు లేవు. ఇంత పనితనం ఉన్న బండిలో మనుషుల ప్రాణానికి సంబంధించినది వదిలెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తెల్లారి చలిలో ఇంజిన్ మోత ఎక్కువే. సూర్యలంక, నిజాంపట్నం వైపు రోజూ తిరిగే బండ్లకు ఉప్పుగాలి ఛాసీ దూలాలను కింది నుంచి తినేస్తుంది. ఏ డాష్‌బోర్డులోనూ దానికి లైటు లేదు. వానాకాలం అయ్యాక కింద నీళ్లు కొట్టించి రంగు వేయించుకునేవాళ్ల బండ్లే మిగులుతాయి.

మిగలనివి కూడా తెనాలిలో వృథా పోవు. ఇక్కడి శిల్పులు అరిగిన గేర్లు, బేరింగులు, నట్లు ఏరి, వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు.

2016లో వచ్చిన క్రిస్టాలో 2.4 లీటర్ల కొత్త ఇంజిన్ పెట్టారు. 150 హార్స్‌పవర్, బెల్టు స్థానంలో గొలుసు. 2022లో చూపించిన హైక్రాస్‌కు విడి ఛాసీ లేదు, డీజిల్ లేదు, శక్తి ముందు చక్రాలకు పోతుంది, కొన్ని రకాల్లో పెట్రోలుకు తోడు బ్యాటరీ మోటారు ఉంది. నిశ్శబ్దంగా, మెత్తగా నడిచే మంచి బండి. అయినా రేపల్లె డ్రైవర్లలో చాలామంది క్రిస్టా డీజిల్ దొరికినంతకాలం దాన్నే అడుగుతున్నారు. ఛాసీ ఉన్న బండితో ఇరవై ఏళ్ల అనుభవం వాళ్లది. ఆ పట్టు సబబే అనిపిస్తుంది నాకు.

పాత ఇన్నోవా కొనబోయేవారికి ఒక మాట. రంగు, సీట్లు తర్వాత చూడండి. ముందు బండిని జాకీ మీద లేపించి, దూలాల అడుగున స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి. కంగుమంటే మంచిదే, పొట్టు రాలితే వదిలెయ్యండి. టైమింగ్ బెల్టు ఎన్ని వేల కిలోమీటర్ల దగ్గర మార్చారో బిల్లు అడగండి. లైటు వెలగడం లేదన్న మాట ఒక్కదాన్ని నమ్మకండి, లెక్క సున్నాకు తెచ్చి బెల్టు మార్చకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. బిల్లు లేకపోతే బెల్టు, టెన్షనర్ రెండూ మార్పించాకే దూరప్రయాణం పెట్టుకోండి.