తుదిమెరుగులలో మసకబారిన పల్లె: ‘మాలపల్లి’ డిజిటల్ గ్రామపటంపై ఒక పరిశీలన

నవలలోని ఊరిని పటంగా గీయడం సాహిత్యానికి కొత్త కాదు. విలియం ఫాక్నర్ 1936లో వెలువడిన ‘అబ్సలం, అబ్సలం!’ నవలకు తన కల్పిత ప్రాంతమైన యొక్నపటాఫా పటాన్ని స్వయంగా గీసి జతచేశాడు. అందులో తెల్లవారి సంఖ్యను, నల్లవారి సంఖ్యను విడివిడిగా రాసి, ఆ నేలకు ఏకైక యజమానిగా తన పేరే పెట్టుకున్నాడు. ఆ పటానికి గీతలూ అక్షరాలే సరిపోయాయి. నేడు టాబ్లెట్ మీద చేతితో గీసే పటంలో గీత పూర్తయ్యేసరికి పని సగమే అవుతుంది. ఆపైన రంగు, టెక్స్‌చర్, నీడ, పాతకాగితపు పూత, అంచుల మసక ఒక్కొక్క లేయరుగా చేరతాయి. వీటిని అలంకారాలుగా భావించి, మన చర్చ అంతా గీతల దగ్గరే ఆగిపోతున్నది. ఏది ఎక్కడ ఉందో గీత చెబితే, దాన్ని ఎలా చూడాలో ఈ మెరుగులు చెబుతాయి. కనుక ఇవి కూడా నవలకు చేసిన వ్యాఖ్యానాలే. ‘మాలపల్లి’ నవలకు మా ఎం.ఏ. విద్యార్థులు తయారుచేసిన పటం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిస్తాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన ఈ నవలలో ఊరి పేరు మంగళాపురం. నవల పేరు మాత్రం మాలపల్లి. ఊరికి వెలుపల ఉన్న చోటును రచయిత గ్రంథానికి శీర్షికగా నిలిపాడు. పటం గీసేవారికి ఇది మొదటి చిక్కు. కాగితం మధ్యలో ఏది ఉండాలి? ప్రభుత్వ పటాల నుంచి సాయం అందదు. రైత్వారీ సర్వే పొలాన్ని గట్టు గట్టుగా కొలిచి నంబరు ఇచ్చింది కాని, ఇళ్ళున్న చోటును సాధారణంగా గ్రామకంఠం పేరుతో ఒకే ముద్దగా వదిలేసింది. ఆ ముద్ద లోపలి ఇళ్ళను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం 2020లో గాని మొదలుకాలేదు. అంటే చేతిపటం పూరించవలసిన ఖాళీ సరిగ్గా మనుషులు నివసించే చోటే ఉన్నది.

మా విద్యార్థులు అలవాటు ప్రకారం గుడిని, రచ్చబండను, పెద్దరైతు చౌదరయ్య ఇంటిని నడుమ పెట్టి, పల్లెను ఆగ్నేయపు మూలకు జరిపారు. వారు ఎరిగిన ఊళ్ళు అలాగే ఉన్నాయి. గీతలో తప్పు పట్టడానికి నాకూ ఏమీ కనిపించలేదు. చిక్కంతా మెరుగుల దగ్గర మొదలైంది.

మొదట కప్పులు. సిద్ధంగా దొరికే బ్రష్‌లతో ఇళ్ళను అద్దితే పొగగొట్టాలున్న ఐరోపా కుటీరాలు వచ్చాయి, పక్కన దేవదారు చెట్లతో సహా. వాటిని చూసి తరగతి నవ్వింది కాబట్టి ఆ తప్పు త్వరగానే దిద్దబడింది. ఒక విద్యార్థిని ఎండిన తాటాకును ఫోటో తీసి బ్రష్‌గా మలిచింది. పెంకుటింటికీ తాటాకు ఇంటికీ అప్పుడు తేడా తెలిసింది.

నేల దగ్గర తర్కం బలపడింది. నవల నిండా గుంటూరు ప్రాంతపు పలుకుబడి ఉన్నందున నల్లరేగడి వేద్దామన్నారు. వేసవిలో నెర్రెలిచ్చిన రేగడా, శ్రావణంలో కాలికి అంటుకునే రేగడా? గట్టును గీతగా గీసినంతవరకు ఋతువు ప్రసక్తి లేదు. నేలకు టెక్స్‌చర్ వేయగానే ఏదో ఒక మాసాన్ని ఎన్నుకోక తప్పదు. నెర్రెలు వేస్తే చూసేవాడికి కరవు స్ఫురిస్తుంది. ఈ నవలలో ఆకలికి మూలం వాన కాదు, కూలి. అందుకని కోత అయిన పొలాన్నీ, కుప్పనూ వేయడమే ఉచితమని నేను పట్టుబట్టాను. గింజ ఉండీ పాలేరుకు అందని కాలం అది.

చివరి రెండు మెరుగులలో మాత్రం నేనే పొరబడ్డాను. నవల వచ్చి నూరేళ్ళు దాటిందన్న ఉత్సాహంతో పాతకాగితపు టెక్స్‌చర్‌ను అన్నిటికీ పైన ‘మల్టిప్లై’ పద్ధతిలో పరచమన్నాను. అంచులను చీకటి చేసే ‘విన్యెట్’ను కూడా చేర్చమన్నాను. పటం చూడముచ్చటగా తయారైంది. గోడమీద ప్రదర్శించినప్పుడు, పల్లె నుంచే కాలేజీకి వచ్చే ఒక విద్యార్థి చాలాసేపు చూసి, “మేడమ్, అంతా బాగుంది. మా పల్లె ఒక్కటే కనిపించట్లేదు” అన్నాడు. మంగళాపురంలోని పల్లెను అతడు ‘మా పల్లె’ అనడం గమనార్హం.

కారణం సాంకేతికమే. మల్టిప్లై కింది రంగును ముదురు చేస్తుంది. సున్నం కొట్టిన గుడి తెల్లగా ఉన్నందువల్ల పైకాగితపు లేతఛాయలో నిలిచింది. మట్టిగోడలూ ఎండుతాటాకూ ముందే ముదురు రంగులు కనుక మరింత నల్లబడ్డాయి. ఒకే పూతను ఒకే పాళ్ళలో వేసినా ఫలితం ఒకటి కాలేదు. ఇక విన్యెట్ అంచును చీకటి చేస్తుంది. పల్లె ఉన్నది అంచులోనే. ఊరు పల్లెకు చేసినదాన్నే మా తుదిమెరుగు మళ్ళీ చేసింది. అందులో ఎవరి దురుద్దేశమూ లేకపోవడమే విమర్శకుడు పట్టించుకోవలసిన అంశం.

పాతకాగితపు పూతకు మరో దోషం కూడా ఉన్నది. మద్రాసు ప్రభుత్వం నిషేధించినంతగా ఆనాటి వర్తమానంతో తలపడిన నవల ఇది. దానికి జీర్ణపత్రపు రంగు పులిమితే ఆ కలహం పురావస్తువు అయిపోతుంది. ఆ లేయరును పూర్తిగా తీసివేశాం.

రెండవ ప్రతిలో పల్లె పటానికి నడిబొడ్డున వచ్చింది. ఊరు వాయవ్యానికి జరిగి, చౌదరయ్య ఇల్లు అంచున సగం తెగింది. పటం నిజం చెప్పాలి గాని పక్షం వహించరాదని సహాధ్యాపకులొకరు ఆక్షేపించారు. దిక్కులూ దూరాలూ మారలేదనీ, చట్రం మాత్రమే జరిగిందనీ, మొదటి చట్రానికి కూడా పక్షం ఉన్నదనీ నా సమాధానం. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆయన ఆక్షేపణ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరొకటి. పల్లె మధ్యకు రాగానే విద్యార్థులు దానిమీద ప్రేమ కురిపించారు. గుడిసె గుడిసెకూ పసుపుపచ్చని దీపకాంతి, చూరుకు మెత్తని నీడ, రామదాసు వాకిట ముగ్గు. మసకలో కనిపించని పేదరికం ఇప్పుడు ముద్దుగా కనిపించసాగింది. తాటాకు బ్రష్ ఎంత నిజమైనదైనా, అందంగా అద్దితే అది కూడా అబద్ధమాడగలదు. దీపాలు తీయించాను. ముగ్గు ఉండాలని విద్యార్థులు వాదించారు. ఆ వాదంలో న్యాయం ఉన్నందున ఉంచాం.

పేర్లు రాసేటప్పుడు వత్తులు కింది గట్ల గీతలను తాకి చదవడం కష్టమైంది. ఊరిపేరు పెద్దక్షరాలలో, పల్లెపేరు చిన్నక్షరాలలో ఉండాలనే పటాల సంప్రదాయాన్ని ఇక్కడ పాటించలేదు. రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయి.

పల్లె నుంచి చౌదరయ్య ఇంటికి వెళ్ళే దారి మిగిలింది. పాలేరుగా సంగదాసు నడిచిన దారి అది. ఆ యజమాని చేతిలోనే అతడు ప్రాణం కోల్పోతాడు. దానికి దుమ్ము వేయాలా, బండిచక్రాల జాడలు వేయాలా, పాదముద్రలు వేయాలా అన్న చర్చ రెండు తరగతుల పాటు సాగింది. చివరకు ఏ టెక్స్‌చరూ వేయలేదు. ఆ దారి ప్రస్తుత ప్రతిలో ఒక ఒంటి గీతగానే ఉన్నది.