పొలం హద్దుల్లో వంశవృక్షం

పామర్రు చుట్టుపక్కల పాత ఇళ్లలో ఇనప్పెట్టె అడుగునో, అటక మీది ట్రంకు పెట్టెలోనో స్టాంపు కాగితాల మీద రాసిన పారీఖత్తులు ఇప్పటికీ దొరుకుతాయి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు రాసుకున్న పంపకాల కాగితాలవి. అమెరికాలో స్థిరపడిన పిల్లలు మన వంశవృక్షం రాసి పంపమని అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు పురోహితుడికి కబురు చేస్తారు, లేదా పెదనాన్నకి ఫోన్ చేస్తారు. నన్నడిగితే ముందు ఆ పారీఖత్తు బయటికి తీయాలి.

అందులో ఏముంటుందో చూడండి. ఎత్తుగడలోనే కృష్ణా జిల్లా, గుడివాడ తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారుడు ఫలానా, వ్యవసాయం అని ఉంటుంది. తర్వాత ఎవరి వాటాకి ఏ చేను వచ్చిందో వివరం. ఆ కింద హద్దులు. తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పంటబోదె, పడమర ఫలానావారి చేను, ఉత్తరం డొంక. వారసులు సాధారణంగా ఎకరాల లెక్క చూసుకుని కాగితం మడిచేస్తారు, హద్దుల దాకా రారు. వంశం వెతికేవాడికి పనికొచ్చేది మాత్రం అక్కడే ఉంది. ఒక తండ్రి పొలాన్ని నలుగురు కొడుకులు పంచుకుంటే నాలుగు ముక్కలూ పక్కపక్కనే పడతాయి. తూర్పు హద్దులో మన ఇంటిపేరే ఉన్న మనిషి కనిపించాడంటే చాలావరకు దాయాదే అయివుంటాడు. అతని కాగితం నకలు తీయిస్తే అతని తండ్రి ఎవరో తెలుస్తుంది. ఆ తండ్రీ మన ముత్తాతా అన్నదమ్ములని తేలితే, ఇంట్లో ఎవరికీ గుర్తులేని ఒక శాఖ మొత్తం బయటపడుతుంది.

సాక్షుల సంతకాలనూ వదలకూడదు. వేరే ఇంటిపేరుతో, వేరే ఊరి నుంచి వచ్చి సంతకం పెట్టిన మనిషి బావమరిదో మేనమామో అయివుండే అవకాశం ఎక్కువ. పంపకాల్లో పేచీ రాకుండా ఆడవాళ్ల తరఫు పెద్దమనిషిని కూర్చోబెట్టుకోవడం మన ఊళ్లలో రివాజు. ఆ సంతకం మన నాయనమ్మ పుట్టింటికి దారి చూపిస్తుంది. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చిన దాన దస్తావేజు దొరికితే మరీ మంచిది. మగవాళ్ల పేర్లతో నిండిన ఆ కాగితాల్లో స్త్రీ పేరు, ఆమె భర్త పేరు, మెట్టినూరు ఒకేచోట కనపడేది అందులోనే.

కాగితం ఇంట్లో లేకపోతే రిజిస్ట్రేషన్ శాఖ ఉంది. 1983 తర్వాతి లావాదేవీలు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కంప్యూటర్ మీదే వస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఏ జిల్లాలో వెతకాలన్నది కూడా తెలిసి ఉండాలి. మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేసింది 1859లో. 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి వెళ్లింది. కదలకుండా ఉన్న ఊరికి కూడా కాగితాల మీద చిరునామా ఇన్నిసార్లు మారింది. ఇనాం భూములున్న కుటుంబాలకైతే 1860 ప్రాంతంలో తయారైన ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. ఇనాం ఎవరికి వచ్చింది, వారసులెవరు అన్నది అందులో నమోదు చేశారు.

ఇదంతా నోటి మీద చెప్పగల మనిషి ఒకప్పుడు ఊరికొకరు ఉండేవారు. కరణం. ఊరి లెక్కలు రాసే దండకవిలెల కాలం నుంచి ఏ చేను ఎవరిది, ఎవరి తర్వాత ఎవరికి వచ్చింది అన్నది ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి అందేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పుట్టుకతో అధికారం దక్కే ఆ పద్ధతి పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే దానితోపాటు కరణాల ఇళ్లలోని జ్ఞాపకాన్ని రాసి భద్రపరిచే ఏర్పాటు కూడా జరిగి ఉండాల్సింది.

కాగితం అందని చోట నోటిమాట అందుకుంటుంది. మన దేశంలో వంశం చెప్పడమే వృత్తిగా బతికిన కులాలున్నాయి. కమ్మ, రెడ్డి, కాపు ఇళ్లకు పిచ్చకుంట్లవారు వచ్చేవారు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో ఆ కులం పేరు వంశరాజ్. పద్మశాలీలకు కూనపులివారు, యాదవులకు మందహెచ్చులు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. ఒక్కొక్క కుటుంబానికి ఇన్ని ఊళ్లని మిరాశీ హక్కు ఉంటుంది, ఆ ఊళ్లలో మరొకరు అడగడానికి వీల్లేదు. పంటలు ఇంటికొచ్చాక తంబుర, గుమ్మెట పట్టుకుని వస్తారు. ముందు గోత్రం, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత కదిలొచ్చిన ఊరు, మూలపురుషుడు, అక్కడి నుంచి కొడుకులు, వాళ్ల కొడుకులు. వరుస తప్పదు, ఎందుకంటే అది లయలో ఉంది. లయలో ఒక పేరు జారితే పాట కుంటుతుంది, పాడేవాడికే ముందు తెలుస్తుంది. పాట అయ్యాక గృహస్తు ఈమధ్య పుట్టిన పిల్లల పేర్లు చెప్పి, ధాన్యమో బట్టలో ఇచ్చి పంపిస్తాడు. తర్వాతి రాకకి ఆ పేర్లు పాటలో చేరతాయి.

ఈ పాటలో ఎంతవరకు నమ్మాలి? పై కొస పురాణంలో కలుస్తుంది. అక్కడ రాజులూ వీరులూ వస్తారు, అది దాతను మెప్పించడానికి కట్టిన భాగం. కింది నాలుగైదు తరాలు, వాటితోపాటు వచ్చే ఊళ్ల పేర్లు మాత్రం చాలా గట్టివి. ఊరి పేరు మార్చి చెబితే వినే ఇల్లే ఒప్పుకోదు కదా.

మన ఇళ్లలోనూ ఇలాంటి పనిముట్లున్నాయి, మనకి అవి ఆచారాలుగానే తెలుసు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు వరుడిని ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కుమారుడు అని మూడు తరాలు పలుకుతారు, వధువుకూ అంతే. పాత పెళ్లి వీడియో ఒకటి దొరికితే రెండు వంశాల్లో ఆరుగురి పేర్లు దొరికినట్టే. తద్దినంలోనూ మూడు తరాల పేర్లు పలకాలి. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టే అలవాటు వల్ల తరం మార్చి తరం ఒకే పేరు వస్తుంది. 1920 నాటి దస్తావేజులో సుబ్బయ్య, 1970 నాటి దస్తావేజులో సుబ్బయ్య కనపడితే ఒకే మనిషి అనుకోవద్దు, తాతా మనవళ్లు కావచ్చు. మైల ఎవరెవరికి పడుతుందో కనుక్కోవడం ఇంకో పద్ధతి. మధ్యలో ఎవరు ఎవరి కొడుకో మరిచిపోయినా, ఫలానా ఇంట్లో పోతే మనకి పదిరోజులు మైల అన్నది పెద్దవాళ్లు మరిచిపోరు. ఆ ఇల్లు మన దాయాదులదే.

కాలం లెక్కలో ఒక ఉచ్చు ఉంది. మన పెద్దలు ఏడాదిని పేరుతో చెప్పారు. తాటాకు జాతకంలో నందన నామ సంవత్సరం అని ఉంటే అది గుంటూరు సీమను ఖాళీ చేసిన 1832-33 కరువు ఏడాది కావచ్చు, 1892-93 కావచ్చు, 1952-53 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగొస్తుంది. తేల్చడానికి పక్కన మరో గుర్తు కావాలి. డెల్టాలో గొప్ప గుర్తులు ఉప్పెనలు. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనకి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావనో, మీ అత్తకి అప్పటికి పెళ్లి కాలేదనో ఈ ప్రాంతపు ముసలమ్మలు చెబుతారు. స్కూల్లో వేసిన పుట్టినతేదీ కన్నా ఆ మాట ఎన్నో రెట్లు నమ్మదగ్గది.

ఇంటిపేరు చాలాసార్లు పాత ఊరే. నందమూరి అన్న ఇంటిపేరు చూడండి, నందమూరు అనే ఊరు కృష్ణా జిల్లాలోనే ఉంది. కానీ ఇంటిపేరును గుడ్డిగా పట్టుకుని పోతే రెండుచోట్ల దారి తెగుతుంది. ఒకటి దత్తత. దత్తుపోయినవాడికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. రెండోది ఇల్లరికం. ఊళ్లో ఆ ఇంటిపేరుతో ఒక్క ఇల్లే ఉండి, చుట్టూ దాయాదులు లేకపోతే మూలపురుషుడు ఇల్లరికపు అల్లుడేమోనని చూడాలి. అతనికి ఆ పొలం ఎవరి వల్ల వచ్చిందో కాగితం చెబుతుంది.

పొలమే లేనివాళ్ల సంగతేమిటి? డెల్టా జనాభాలో వాళ్లే ఎక్కువ. అన్నదమ్ములు పంచుకున్న చేలో నాట్లు వేసిన కుటుంబాలకు పారీఖత్తు లేదు, ఇనాం లేదు. దళిత కుటుంబాలు ఎన్నింటికో దొరికే పాత రాత ఆధారం చర్చి బాప్తిస్మం రిజిస్టరు. ఇక్కడ ఒక చిత్రమైన చరిత్ర ఉంది. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ చిన్నతనంలోనే అమెరికాకు వలసపోయాడు, అక్కడ లూథరన్ పాదిరి అయ్యాడు, 1842 జులై 31న గుంటూరు వచ్చాడు. అంతకు ముందు ఏడాదే ఇంగ్లీషు మిషనరీలు నోబుల్, ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. పుట్టిన ప్రతి బిడ్డకీ, జరిగిన ప్రతి పెళ్లికీ చర్చిలో పద్దు రాయడం యూరప్‌లో శతాబ్దాల అలవాటు. ఆ అలవాటు మిషన్లతోపాటు మన డెల్టాకి వచ్చింది. ఊరి లెక్కల్లో చోటు లేని మనుషులకి తల్లి పేరుతో సహా ఒక వరుస రాసిపెట్టింది ఆ రిజిస్టర్లే. చెదలు పట్టకుండా వాటిని కాపాడుకోవడం ఆయా సంఘాల చేతుల్లో ఉంది.

జర్మనీ నుంచి అమెరికా పోయిన కుటుంబాల వారసులు వంశం వెతికే తీరు కూడా మనకి పనికొస్తుంది. 19వ శతాబ్దంలో లక్షలాది జర్మన్లు హాంబర్గ్, బ్రెమెన్ రేవుల్లో ఓడలెక్కారు. హాంబర్గ్ రేవు 1850 నుంచి 1934 దాకా ప్రయాణికుల జాబితాలను భద్రపరిచింది, వాటిలో మనిషి బయల్దేరిన ఊరు ఉంటుంది. బ్రెమెన్ జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి. అందుకే బ్రెమెన్ నుంచి వెళ్లినవారి మునిమనవలకు ముత్తాత పేరు తెలుసు, ఊరు తెలీదు. ఊరు తెలిస్తేనే అక్కడి చర్చి పుస్తకాలు తెరవగలరు. వాళ్ల వెతుకులాట అంతా ఆ ఒక్క ఊరి పేరు కోసం. అమెరికాలో ష్మిట్ స్మిత్‌గా మారి పని ఇంకా కష్టమైంది.

మనకి జరుగుతున్నది అదే, వేరే రూపంలో. 1917 చట్టం అమెరికా తలుపులు భారతీయులకు మూసేసింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరింది విద్యార్థిగా. 1946 నుంచి ఏడాదికి వందమందిని రానిచ్చారు. 1965 చట్టంతో దారి తెరుచుకుని డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు, 1977 నాటికి న్యూయార్క్‌లో తెలుగు మహాసభ పెట్టుకునేంత మంది అయ్యారు. 1990 తర్వాత హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ తరం వెళ్లింది. మనవాళ్లు విమానాల్లో వెళ్లారు కాబట్టి హాంబర్గ్ లాంటి జాబితా లేదు. ఆ స్థానంలో ఉన్నది మొదటి పాస్‌పోర్టు. పుట్టిన ఊరు ముందు పేజీలో, తల్లిదండ్రుల పేర్లు, భార్య లేదా భర్త పేరు, ఇంటి చిరునామా చివరి పేజీలో ఉంటాయి. పౌరసత్వం రాగానే దాన్ని డ్రాయర్‌లో పడేస్తున్నారు, ఇల్లు మారినప్పుడు పోతోంది. పేర్ల సంగతి ఇంకా ఘోరం. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉండే మన పద్ధతి అక్కడి ఫారాల్లో ఇమడక కొందరికి తండ్రి పేరు ఇంటిపేరైంది, కొందరికి సొంతపేరే ఇంటిపేరై, మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడింది. అన్నకొకటి, తమ్ముడికొకటి ఇంటిపేరుగా స్థిరపడిన ఇళ్లున్నాయి. వాళ్ల మనవలకి తాము ఒకే ఇంటివాళ్లమని ఏ కాగితం చెబుతుంది?

అమెరికాను మొదటి వలస అనుకోవడం కూడా పొరపాటు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్లొచ్చాక మెట్ట ఊళ్ల నుంచి డెల్టాకి మనుషులు దిగారు. తర్వాత ఇక్కడి నుంచే నిజాంసాగర్ ఆయకట్టుకి బోధన్ వైపు, తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు క్యాంపులకి రైతులు వెళ్లి భూములు కొన్నారు. డల్లాస్‌లో ఉన్న కుటుంబానికి సింధనూరులో పినతాత సంతానం ఉండొచ్చు. ఆ శాఖ పామర్రు దగ్గర వదిలేసిన పేర్లు అక్కడి ముసలివాళ్లకి గుర్తుంటాయి, ఎందుకంటే వలసపోయిన ఇల్లు సొంతూరి కబుర్లను జాగ్రత్తగా దాచుకుంటుంది.

వంశవృక్షాన్ని కులగౌరవానికి జెండాగా ఎగరేసేవాళ్లు ఉన్నారు. రాజుల దాకా గీత గీయించుకుని అద్దం కట్టించుకుంటారు, అందులో నాయనమ్మ పేరు ఉండదు. అలాంటి పటం వల్ల చరిత్రకీ పిల్లలకీ లాభం లేదు. ఎవరు ఎందుకు కదిలారు, ఏ కరువుకి, ఏ నీటికి, ఏ చదువుకి అన్నది చెప్పగలిగిందే విలువైన వంశచరిత్ర. ఇంటికి కోడలై వచ్చిన ప్రతి స్త్రీ పేరు పక్కనా ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయండి. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మ ఉంటే ఈ పని ఈ సెలవులకే పెట్టుకోండి. పాత పాస్‌పోర్టులు, పారీఖత్తులు ఫోటో తీసి అన్నదమ్ములందరికీ పంపండి. అమెరికాలోని తెలుగు సంఘాలకు, ఇక్కడి కాలేజీల తెలుగు, చరిత్ర శాఖలకు ఒక మనవి: వంశరాజ్, కూనపులి, డక్కలి కుటుంబాల్లో వరుస తప్పకుండా పాడగల పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లకి తగిన పారితోషికం ఇచ్చి, ఊరి వారీగా, పూర్తిగా రికార్డు చేయించండి.