ఉల్టా సాంచె

భివండిలో పాత సాంచెను, అంటే మరమగ్గాన్ని, కిలోల లెక్కన భంగార్‌కు తూకమేస్తారు. నాడె లేని రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాలు వస్తున్నకొద్దీ నాడె సాంచెలు ముక్కలవుతున్నాయి. ఆ కుప్పల్లో ఏరిన సామానుతో ఒక బుల్లి ఆవిరి ఇంజన్ బిగించాను. కండెలు చుట్టే మిషన్ చక్రం దానికి ఫ్లైవీల్. పాత మోటారు బేరింగులు షాఫ్టును మోస్తాయి. సిలిండరు, పిస్టను పాడైన ఫ్రిజ్ కంప్రెసర్‌వి. వాల్వు మాత్రం ఇత్తడి బుష్షుతో లేత్ మీద చేయించాను.

ఇక్కడి పద్మానగర్‌లో సాంచెలు సరిచేసే ఒక పెద్ద వయసు జాబర్ దాన్ని చేత్తో తిప్పి చూసి, "ఇది ఉల్టా సాంచె కదా అన్నా" అన్నాడు. అక్షరాలా నిజం. సాంచెలో మోటారు క్రాంకును తిప్పితే పన్నె ముందుకూ వెనక్కూ ఊగుతుంది; క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పడుతుంది. ఆవిరి ఇంజన్‌లో ముందుకూ వెనక్కూ ఊగే పిస్టను క్రాంకును తిప్పుతుంది. బొంబాయిలో 1850లలో మొదలైన మిల్లుల్లో ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండేవి: ఇంజన్ పెద్ద షాఫ్టును తిప్పేది, బెల్టులు ఆ తిరుగుడును సాంచెలకు అందించేవి. ఇంత మామూలు క్రాంకు మీద 1780లో ఇంగ్లండ్‌లో జేమ్స్ పికార్డ్ పేటెంట్ తీసుకున్నాడు. దాంతో జేమ్స్ వాట్ అంతటివాడు పళ్ల చక్రాలతో వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

అసలు పనంతా వాల్వు టైమింగ్‌లో ఉంది. పిస్టను పై కొసకు చేరినప్పుడు రాడ్డు, క్రాంకు ఒకే గీతలో నిలుస్తాయి. అక్కడ ఎంత గట్టిగా నెట్టినా చక్రం కదలదు. ఫ్లైవీల్ వేగమే దాన్ని దాటిస్తుంది. వాల్వు మరీ ముందు తెరుచుకుంటే పైకొచ్చే పిస్టను వెనక్కి తంతుంది, ఆలస్యమైతే బలం వృథా. జాబర్ నాడె దెబ్బను సరిచేసేదీ ఇలాగే. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, క్రాంకు ఎక్కడుంటే దెబ్బ పడాలో చూసి బోల్టు బిగిస్తాడు. కరీంనగర్, నల్లగొండ నుంచి వచ్చి ఇక్కడ సాంచెల మీద బతికిన మనవాళ్ల చేతుల్లో ఈ విద్య నిండుగా ఉంది. దానికి సర్టిఫికెట్ లేకపోవడం నాకు బాధ.

ఈ ఇంజన్‌ను మాత్రం ఆవిరితో కాక గాలితోనే నడుపుతున్నాను. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. ఇంట్లో అతికిన డబ్బాను బాయిలర్‌గా నమ్మకూడదు. చిన్న కంప్రెసర్ గాలి చాలు.

తర్వాతి ఇంజన్‌లో పిస్టనుకు రెండు వైపులా గాలి ఇవ్వాలి. దాని వాల్వును ఆ జాబర్ చేతే పెట్టిస్తాను, పక్కన ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి.