ఉగ్గుగిన్నె

మా మేనత్తగారి వంటయింటి గూటిలో ఒక చిన్న వెండి ఉగ్గుగిన్నె ఉండెడిది. అరచేతిలో ఇమిడిపోవునంతటి ఆ గిన్నెకు ఒకవైపు అంచు పక్షి ముక్కువలె ముందుకు సాగి, లోపలి ద్రవము శిశువు పెదవిమీదికి చుక్కచుక్కగా జారుటకు అనువుగా మలచబడియుండెను. మూడు తరముల పిల్లలు చప్పరించుటచేత కాబోలు, ఆ ముక్కు కొన ఇంచుక అరిగి నునుపెక్కియుండెను. ఇంటికి పురుడు వచ్చినప్పుడు మాత్రమే అది గూటినుండి దిగి, చింతపండుతో తోమబడి, వేడినీట మరిగి, తన పనికి సిద్ధమగుచుండెను. తక్కిన కాలమున దానిని తాకుటకు పిల్లలకు గాని పెద్దలకు గాని అనుమతి లేదు.

ఉగ్గు అను మాటకు మన ఇండ్లలో రెండర్థములు కలవు. పసికందుకు తల్లిపాలలో రంగరించి పోయు మందు మొదటిది: అది ఆముదపు చుక్క కావచ్చును, సానమీద రెండు చుట్లు అరగదీసిన వసకొమ్ము గంధమో, కరక్కాయ గంధమో, శొంఠి గంధమో కావచ్చును. బియ్యమును పప్పును వేయించి, రవ్వగా విసరి, మెత్తగా కాచి, నెలలు నిండిన బిడ్డకు తినిపించు జావ రెండవది. ఒకటి మందు, ఒకటి అన్నము. అయినను రెండింటిని ఒకే పేరున పిలుచుకొన్న మన పెద్దల మనసులో ఒక సూత్రము ఉండియుండవలెను. బిడ్డ నోటికి క్రొత్తగా రాదలచినది ఏదైనను, ఆ బిడ్డ ఎరిగిన పాల రుచిని తోడు తెచ్చుకొనియే రావలెనన్నది ఆ సూత్రము. చిన్ననాటనే ఒంటబట్టిన విద్యను ఉగ్గుపాలతో అబ్బినదని మనము చెప్పుకొనుట కూడ ఇందువలననే.

మొదటి ఉగ్గును గూర్చి ఒక మాట చెప్పి దానిని విడిచెదను. ఆరు మాసములు నిండువరకు శిశువునకు తల్లిపాలు తప్ప వేరొకటి, తుదకు నీరు సైతము, అక్కరలేదని నేటి వైద్యశాస్త్రము నిశ్చయించినది. ఏడ్చుచున్న బిడ్డను వెల్లకిల పరుండబెట్టి ఆముదము పోయునప్పుడు అది ఊపిరితిత్తులలోనికి జారి ప్రాణాంతకమగు రోగమును తెచ్చుట వైద్యులు ఎరిగిన విషయము. వసకొమ్మును సైతము వారు నిరాకరింతురు. కావున మందు ఉగ్గును గౌరవముతోనే గూటిలో ఉంచి, అన్నపు ఉగ్గును గూర్చి ముచ్చటింతము.

అన్నప్రాశనకు ఆరవ మాసమును ఆశ్వలాయన గృహ్యసూత్రము విధించినది. ఆరవ నెలలో బిడ్డకు పెట్టు అన్నము లఘువును హితమును కావలెనని సుశ్రుతుడు చెప్పినాడు. కాశ్యప సంహిత మరింత నెమ్మదిగా నడచి, ఆరవ నెలలో ఫలప్రాశనమును, పదవ నెలలో అన్నప్రాశనమును నిర్దేశించినది. మన తెలుగునాట మగబిడ్డకు సరినెలలోను, ఆడబిడ్డకు బేసినెలలోను ఈ వేడుక జరుపుట ఆచారము. ఆడబిడ్డకు అయిదవ నెలను విడిచి ఏడవ నెలను ఎన్నుకొన్నచో ఆచారమును నిలుచును, ఆరు మాసములు నిండవలెనను వైద్యుని మాటయు నెరవేరును.

ఆ వయసున అన్నము ఏల కావలసివచ్చును? గర్భమున ఉండగా బిడ్డ కూడబెట్టుకొన్న ఇనుము ఆరు నెలలకు ఇంచుమించు తరిగిపోవును. తల్లిపాలలోని ఇనుము చక్కగా ఒంటబట్టునదే అయినను, కొలతకు మిక్కిలి స్వల్పము. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలు ఇచ్చు శక్తి 65 మొదలు 70 కేలరీల వరకు ఉండగా, ఆరు మొదలు ఎనిమిది మాసముల బిడ్డకు పాలుగాక దినమునకు మరి 200 కేలరీలు, తొమ్మిది మొదలు పదకొండు మాసముల బిడ్డకు 300 కేలరీలు పైయాహారమునుండి రావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టినది. ఇచట ఒక చిక్కు కలదు. బిడ్డ కడుపు బరువునుబట్టి కిలోకు దాదాపు 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టును. అనగా ఏడు కిలోల బిడ్డ ఒకపూట తినగలిగినది ఒక చిన్న గిన్నెడు. ఆ గిన్నెడు జావ చిక్కనైనచో బిడ్డ మింగలేదు. నీరు పోసి పలుచన చేసినచో కడుపు నిండును గాని బలము రాదు. పిండిపదార్థము ఉడికినకొలది నీటిని పీల్చి ఉబ్బును గనుక, చారెడు రవ్వ గిన్నెడు గంజియై కూర్చుండును. పైయాహారమునకు సంబంధించిన కష్టమంతయు ఈ ఒక్క ముడిలోనే ఉన్నది. దానిని మన ఇల్లాండ్రు ఎట్లు విప్పిరో చూతము.

ఉగ్గు రవ్వకు పాత బియ్యము మూడు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు తీసికొనవలెను. రెండింటిని వేరువేరుగా కడిగి, పలుచని బట్టమీద నీడను ఆరబెట్టి, తడి పూర్తిగా పోయినపిదప సన్నని సెగను విడివిడిగా వేయింపవలెను. ఏలయన పప్పు కమ్మని వాసన వచ్చునప్పటికి బియ్యమింకను పచ్చిగానే ఉండును. ఒక చిటికెడు జీలకర్రను, అంతకంటె తక్కువగా వామును వేయించి చేర్చి, తిరుగటిలో సన్నరవ్వగా విసరి, జల్లించి, తడి తగులని డబ్బాలో పోసికొనవలెను. కాచునప్పుడు రెండు చెంచాల రవ్వను ముందుగా చల్లనీటిలో కలిపి, ఉండలు కట్టకుండ చూచుకొని, పిదప పొయ్యిమీద ఉంచి కలియబెట్టుచు, రవ్వ మెత్తబడి జావ గరిటెజారుగా వచ్చువరకు ఉడికింపవలెను. ఉప్పుగాని చక్కెరగాని ఏడాది నిండువరకు అక్కరలేదు, తేనె కూడదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి ఏడాదిలోపు శిశువు ప్రేగులలో విషమును పుట్టింపగలదు.

ఇంతవరకు ఇది అందరెరిగిన వంటయే. నేర్పంతయు ఇక మీదట ఉన్నది. జావను దింపి, మణికట్టు లోపలివైపున ఒక చుక్క వేసికొని చూచినచో చుర్రుమనక గోరువెచ్చగా తోచువరకు ఆర్చి, అప్పుడు మాత్రమే రెండు మూడు చెంచాల తల్లిపాలను కలుపవలెను. పాలను పొయ్యిమీద జావలో పోయుట, పోసి మరల మరిగించుట తగదు. ఏలయన తల్లిపాలు వట్టి ద్రవము కాదు. అందు రోగనిరోధకమగు మాంసకృత్తులు, కొవ్వును అరిగించు ఎంజైములు, పిండిని అరిగించు అమైలేజు అను ఎంజైము కలవు. మరుగుటతో వాని శక్తి నశించును.

ఈ అమైలేజు చేయు పనిని నేను కన్నులార చూచితిని. మా చెల్లెలు తొలిచూలు బిడ్డకు ఉగ్గు కాచి, పాలు కలిపి, గిన్నె మూతపెట్టి ఉయ్యాల కడకు పోవునప్పటికి బిడ్డ నిద్రపోయినది. అరగంట గడచి బిడ్డ లేచిన తరువాత మూత తీసి చూడగా, గరిటెజారుగా ఉన్న జావ నీరునీరై, చెంచానుండి దారగా కారుచుండెను. మా చెల్లెలు కలవరపడి "అత్తయ్యా, ఉగ్గు పాడైపోయింది, పారబొయ్యనా?" అని అడిగినది. మేనత్త గిన్నెను వాసన చూచి, వ్రేలితో ఒక చుక్క నాలుకకు రాచుకొని, "పాడేమీ కాలేదే అమ్మాయీ! పాలు తమ పని చేసుకున్నాయి, అంతే. ఈసారి పిల్ల లేచాకనే కలుపు" అన్నది. ఆమెకు అమైలేజు అను మాట తెలియదు. జీవితమున మొదటి నెలలలో శిశువు క్లోమము ఆ ఎంజైమును స్వల్పముగా మాత్రమే స్రవించుననియు, ఆ కొరతను తల్లిపాలు కొంత పూరించుననియు ఆమెకు ఎవరును చెప్పలేదు. అయినను గిన్నెలో జరిగినది చెడుట కాదు, అరుగుటయని ఆమె నాలుక గుర్తించినది.

నీరు పోసి పలుచన చేసినప్పుడు జావతోపాటు బలమును పలుచబడును. పాలు కలిపి పలుచన చేసినప్పుడు పిండిలోని పొడవైన గొలుసులు తెగి చిన్న తునుకలగును. జావ జారుగా మారును గాని అందలి బలము ఇసుమంతయు తరుగదు, పైగా పాల బలము చేరును. కావుననే పాలు కలుపు ఉగ్గును మొదట ఒక పాకము చిక్కగా దింపుకొనవలెను. చిక్కదనమును మింగలేని బిడ్డకు, పలుచదనముతో పెరుగలేని బిడ్డకు మధ్య నున్న ముడి ఇట్లు విడినది.

తల్లిపాలు చాలని ఇంట ఇదే పనిని మొలకకట్టిన ధాన్యము చేయును. రాగులను రాత్రి నానవేసి, తడిబట్టలో మూటకట్టి, ఒకటి రెండు దినములలో తెల్లని మొలక కనబడగానే ఎండబెట్టి, నలిచి మొలకలను రాల్చి, దోరగా వేయించి విసరుకొందురు. మొలకెత్తునప్పుడు గింజలోనే అమైలేజు పుట్టును. చిక్కని జావలో ఈ పిండిని చెంచాడు కలిపినచో అది జారుగా మారుటను బరోడా విశ్వవిద్యాలయమున పోషకాహార శాస్త్రజ్ఞులు 1980ల దశాబ్దమున పరిశోధించి చూపిరి. నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండుట వేరొక లాభము.

కూరగాయలు, పండ్లు ఇంకను సులభము. తీపిగుమ్మడి ముక్కనో, చిలగడదుంపనో, క్యారెట్టునో ఇడ్లీపాత్రలో ఆవిరికి ఉడికించి, చెంచా వీపుతో మెదిపి, పీచు తగులకుండ జల్లెడలో రుద్ది, గోరువెచ్చగా ఆరినపిదప పాలు కలుపవచ్చును. బాగుగా మాగిన చక్కెరకేళి అరటిపండునకు ఉడికించుపని కూడ లేదు. మెత్తని ఇడ్లీ ముక్కను పాలలో నాననిచ్చి పెట్టుట మరొక తెరవు. ఒక క్రొత్త పదార్థము పెట్టిన మీదట రెండు మూడు దినములు ఆగి, బిడ్డ ఒంటికి సరిపడినదని చూచుకొని, మరియొకటి మొదలిడవలెను. చెంచాను కొంచెము వంచినప్పుడు పదార్థము నీటివలె కారక, మెల్లగా జారుట సరియైన పాకమునకు గుర్తు. పాలలో ఇనుము తక్కువ గనుక, బిడ్డ అలవాటుపడినకొలది పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మాంసాహారుల ఇండ్లలో మెత్తగా ఉడికిన మాంసము ఆ గిన్నెలోనికి చేరవలెను.

పాలు పిండుకొనుటయు ఒక నేర్పే. చేతులు శుభ్రముగా కడిగి, వెచ్చని తడిగుడ్డ కాసేపు కప్పి, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని నల్లని వలయపు అంచులకు ఇరుప్రక్కల ఉంచి, మొదట రొమ్ము ఎముకలవైపు నొక్కి, పిదప రెండు వ్రేళ్ళను దగ్గరకు తెచ్చినచో నొప్పిలేకుండ పాలు జారును. మొనను లాగుట పొరపాటు. పిండిన పాలు సాధారణపు గది వేడిమిని నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు దినములు నిలుచును. మన వేసవి మధ్యాహ్నములలో ఆ నాలుగు గంటలను నమ్మరాదు. చల్లని పాల గిన్నెను వేడినీటి పళ్ళెములో ఉంచి వెచ్చచేయవలెను గాని, నేరుగా నిప్పుమీద పెట్టరాదు. బిడ్డ ఎంగిలిపడిన గిన్నెలో మిగిలినదానిని మరుపూటకు దాచరాదు.

ఇక రుచి మాట. తల్లి తిన్నదాని పరిమళము ఆమె పాలలో కొంత దిగును. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రపు శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిన పరిశోధనలో, గర్భిణిగానో బాలింతగానో ఉండి తల్లులు క్యారెట్టు రసము త్రాగియుండగా, వారి బిడ్డలు తొలిసారి ఆ రుచిగల జావను తక్కినవారికంటె ఇష్టముగా స్వీకరించిరి. బాలింతకు మన ఇండ్లలో పెట్టు వామన్నము, జీలకర్ర చారు ఇచట గుర్తునకు వచ్చును. ఉగ్గు రవ్వలో చిటికెడు వాము వేయువారు తెలిసియో తెలియకయో బిడ్డకు ఒక పాత చుట్టమును పరిచయము చేయుచున్నారు.

ఒకప్పుడు బొద్దు శిశువు బొమ్మ వేసిన డబ్బాపిండి ముందు ఈ ఉగ్గు సిగ్గుపడి దాగుకొన్నది. అట్టి ప్రకటనలను అరికట్టుటకు 1992లో మన దేశమున చట్టము వచ్చినది. అయితే చట్టము డబ్బామీది బొమ్మను తీయగలదు గాని, మరచిపోయిన పాకమును గుర్తుచేయలేదు. అది ఒక చేతినుండి మరొక చేతికే రావలెను.

మా చెల్లెలి బిడ్డ ఆనాడు ఆ జారిన ఉగ్గునే త్రాగినది. మేనత్త దానిని చెంచాతో పెట్టబోక, గూటిలోని వెండిగిన్నెను తెప్పించి, దాని ముక్కునుండి మెల్లగా వంచినది. బిడ్డ మొదటి చుక్కకు కనుబొమలు ముడిచి, రెండవ చుక్కకు నాలుక చాచి, మూడవదానికి గిన్నెను రెండు చేతుల పట్టుకొన్నది. ఆ నోటిలో ఉన్నది పాలో అన్నమో బిడ్డ ఎరుగదు. ఎరుగకుండ చేయుటకే మేనత్త ఆ గిన్నెను తెప్పించినది.